పాట వినిపిస్తోంది, మాట అందడం లేదు

విజయనగరానికి దగ్గరలోని ఒక పల్లె నుంచి 61 ఏళ్ల పాఠకుడొకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. జిల్లాలోని ఒక జూట్ మిల్లులో, మగ్గాలు నడిచే నేత విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించారు. కుర్రతనంలో ఊళ్లోని గురువుగారి దగ్గర హార్మోనియం నేర్చుకున్నారు. ఆ గురువుగారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో కొంతకాలం చదువుకున్నవారట. అప్పటి నుంచి ఇప్పటిదాకా శనివారం రాత్రి రామమందిరంలో జరిగే భజనకు హార్మోనియం ఈయనదే.

ఏడాదిగా రెండు చెవుల్లోనూ సన్నగా కీచుమనే రొద వినిపిస్తోంది. పగలు పనిలో ఉంటే తెలియదు కానీ, రాత్రి ఇల్లు సద్దుమణిగాక అదే పెద్దదై కూర్చుంటుంది. మనవడు కొనిచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఘంటసాల పాటలూ పద్యాలూ గట్టిగా పెట్టుకుంటే రొద మరుగున పడుతుంది కనుక, అవి చెవుల్లో ఉండగానే నిద్రపోతున్నారు. తెల్లవారి లేచేసరికి రొద మరింత ఎక్కువగా ఉంటోంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయించుకున్నారు, మందుల షాపులో ఇచ్చిన చుక్కలూ వేసుకున్నారు. గుణం కనిపించలేదు.

ఇంట్లో చిక్కు మరొకటి. సాయంత్రం సీరియల్ చూసేటప్పుడు మాటలు తెలియక టీవీ శబ్దం పెంచమంటారు. కోడలు పెంచుతుంది, పక్కగదిలో చదువుకునే మనవరాలు వచ్చి తగ్గిస్తుంది. ఈమధ్య చుట్టాల ముందు కోడలు, "మామయ్యగారికి పాటలైతే ఎంత చిన్నగా పెట్టినా వినిపిస్తాయండీ, పని చెబితేనే వినిపించదు" అని నవ్వింది. "ఆ మనిషికి కావల్సిందే వినిపిస్తాదమ్మా" అని భార్య వంతపాడింది. "ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది" అని రాశారీయన. కొడుకు విశాఖపట్నం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తానంటున్నాడు. వెళితే చెవికి వినికిడి మిషన్ పెడతారని, మిషన్ చూస్తే భజన బృందం హార్మోనియాన్ని కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడి చేతిలో పెడుతుందని భయపడి వాయిదా వేస్తున్నారు. పాటలు వినడం మానేయాలా, హార్మోనియం వదిలేయాలా, మిషన్ తప్పదా, తాను నటించడం లేదని ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీరు ఆఖరున అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన మూడింటికీ జవాబు అందులోనే ఉంది. పాట వినిపించి మాట వినిపించకపోవడం నటన కాదు. మగ్గాల మధ్య పనిచేసినవారి చెవి దెబ్బతినే తీరే అది. నేత విభాగంలో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అటువంటి చోట ఏళ్ల తరబడి నిలబడితే లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సూక్ష్మమైన రోమకణాలు కొంచెం కొంచెంగా నశిస్తాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలుండే ఈ కణాలు మనుషుల్లో తిరిగి పుట్టవు. అన్నీ ఒకేసారి పోవు కూడా. మోతవల్ల కలిగే నష్టం ముందుగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని చెప్పే కొలత) వరకు ఉండే సన్నని శబ్దాల దగ్గర కనిపిస్తుంది, సాధారణంగా 4000 దగ్గర అన్నిటికన్నా లోతుగా ఉంటుంది.

ఇప్పుడు మీ హార్మోనియం సంగతి చూడండి. మూడు స్థాయిల పెట్టెలో మెట్ల మూలస్వరాలు దాదాపుగా అన్నీ 1000 హెర్ట్జ్‌లోపే ఉంటాయి. గాయకుడి గొంతులో రాగం నడిచేదీ ఆ ప్రాంతంలోనే. అంటే మీ చెవిలో దెబ్బతిన్న భాగానికి చాలా కిందనే సంగీతం సాగిపోతోంది. మాట దారి వేరు. అచ్చులు బలంగా, కిందిస్థాయిలో ఉంటాయి. స, శ, చ, త, ప, క వంటి హల్లులు బలహీనంగా ఉంటాయి, వాటిలో చాలావాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీసి చెప్పేది సరిగ్గా మీకు తగ్గిన ఆ సన్నని శబ్దమే. కప్పు, తప్పు, పప్పు, చెప్పు అనే మాటల్లో మీకు చివరి సగం బాగానే అందుతుంది, మొదటి అక్షరం ఏమిటన్నది ఊహించుకోవలసి వస్తుంది. వంటింట్లోంచి కోడలు "పప్పు అయిపోయింది" అంటే "తప్పయిపోయింది" అనుకుని మీరు ఎందుకని అడిగితే, విన్నవాళ్లకు అది వెటకారంలాగే తోస్తుంది. పైగా ఆడవాళ్ల, పిల్లల గొంతులు సన్నగా ఉండటంవల్ల, ఇంట్లో మీతో ఎక్కువగా మాట్లాడే ముగ్గురి మాటే మీకు తక్కువగా అందుతోంది. మిల్లు స్నేహితుడి బొంగురు గొంతు అందుతుంది కాబట్టి "బయటివాళ్ల మాటైతే వినిపిస్తుంది" అన్న అపవాదు కూడా ఇంకా రాకపోతే, రేపోమాపో వస్తుంది.

ఇంకొకటి. ఘంటసాల పాటలు మీకు కంఠస్థం. మీ వీధి దుకాణం బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయినా మీరు తడుముకోకుండా చదివినట్టే, తెలిసిన పాటలో చెవికి అందని అక్షరాలను మెదడే నింపుకుంటుంది. సీరియల్ సంభాషణ ఆ పూటే మొదటిసారి వింటారు, అందులో నింపుకోవడానికి ఏమీ ఉండదు, వెనక నేపథ్య సంగీతం కూడా మోగుతూ ఉంటుంది. శబ్దం పెంచితే మీకు అందే అచ్చులూ ఆ వాద్యాల హోరూ ఇంకా పెద్దవవుతాయి తప్ప, హల్లులు అదే నిష్పత్తిలో తేలిపైకి రావు. అందుకే పెంచమని మీరు, తగ్గించమని మనవరాలు ఎంత పట్టుబట్టినా ఇద్దరిలో ఎవరికీ సుఖం లేదు.

ఈ సంగతి మీరు నోటితో చెబితే ఇంట్లోవాళ్లు నమ్ముతారన్న హామీ నేను ఇవ్వలేను. ఇన్నాళ్లుగా ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. నా లెక్కలో వాళ్లను నమ్మించగలిగేది వినికిడి పరీక్ష చేశాక ఇచ్చే కాగితం. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎడమవైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, సమంగా సాగిన గీత కుడివైపు సన్నని శబ్దాల దగ్గరికి వెళ్లేసరికి జారిపోవడం, అక్షరం ముక్క రాని మనిషికైనా కనిపిస్తుంది. మీ అబ్బాయి పరీక్షకు తీసుకెళతానన్నది మీకు మిషన్ తగిలించడానికే అనుకుంటున్నారు కానీ, మీ మీద పడిన నింద తొలగడానికి మీ చేతికి అందే సాక్ష్యం కూడా అదే. కోడలిని కూడా వెంట రమ్మనండి. డాక్టర్ చెప్పేది ఆమె చెవిన పడటం, తరువాత మీరు ఇంట్లో వివరించుకోవడం కన్నా మేలు.

పరీక్షకు వెళ్లాలన్నంతవరకు నేను అటూ ఇటూ చెప్పను, వెళ్లాలి. ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి చూడండి. దీనికి విశాఖపట్నం దాకా పోనక్కరలేదు, విజయనగరంలోనే చూపించుకోవచ్చు. ఒక్కోసారి గులిమి గట్టిపడి అడ్డుకోవడంవల్ల కూడా వినికిడి తగ్గి రొద మొదలవుతుంది, అది తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మీ విషయంలో అదొక్కటే కారణమని నేననుకోను, కానీ ఆ భాగం ఎంతో తేలాలి. ఈలోగా నూనె పోయడం ఆపండి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి దిగి చీము పట్టించగలదు, వేడి సరిచూసుకోకపోతే కాలుతుంది కూడా. పిన్నీసు, అగ్గిపుల్ల, దూదిపుల్ల ఏదీ వద్దు. మీరు వాడుతున్న మాత్రలన్నీ డాక్టర్‌కు చూపించండి. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మరికొన్ని మందులు చెవిలో రొదకు కారణం కావచ్చు. అనుమానం వచ్చిందని వాటిలో దేన్నీ సొంతంగా మానకండి. రక్తపోటు కూడా ఒకసారి చూపించుకోండి.

వెంటనే పరుగెత్తవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒక చెవి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మూసుకుపోయినట్టయితే అదే రోజు వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే దానికి చికిత్స మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. రొద ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితోపాటు దడదడమని కొట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

ఇక రాత్రిపూట పాటల సంగతి. పాటలు మానేయమని నేను చెప్పను, కానీ మీరు పాటకు ఇచ్చిన పని మాత్రం తీసేయమంటాను. వినడానికి ఒక పాట, రొదను అణచడానికి ఒక చప్పుడు, ఈ రెండు అవసరాలనూ మీరు ఇయర్‌ఫోన్లతో ఒకేసారి తీర్చుకోబోయారు. రొదను ముంచేయాలంటే దానికన్నా గట్టిగా పెట్టాలి, గట్టిగా పెడితే మిగిలిన కణాలకు నష్టం, పొద్దున్నే రొద హెచ్చు, మర్నాటి రాత్రి ఇంకొంచెం గట్టిగా పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు సురక్షితమని చెప్పిన పరిమితి 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలు మాత్రమే. ఇయర్‌ఫోన్లు గట్టిగా పెట్టుకుని తెల్లవార్లూ నిద్రపోయే మనిషికి ఆ వారం కోటా ఒక్క రాత్రిలోనే తీరిపోతుంది. మిల్లు పని విరమణతో వదిలిపోయిన మోతను మీరు మళ్లీ పక్కమీదికి తెచ్చుకున్నారు.

చెవికి అందవలసిన శబ్దాలు తగ్గినప్పుడు మెదడు తన వినికిడి పట్టును పెంచుకుంటుందని, ఆ పెరిగిన పట్టే రొదగా తెలుస్తుందని వైద్యులు వివరిస్తారు. బయట నిశ్శబ్దం ఎంత ఎక్కువైతే అది అంత స్పష్టమవుతుంది. కాబట్టి పడకగదిలో పూర్తి నిశ్శబ్దం వద్దు. ఫ్యాను తిరిగే చప్పుడు చాలు, చలికాలంలో ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టుకోవచ్చు. ఫోన్‌లో వాన చప్పుడు వంటివి దొరుకుతాయి, ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోన్‌ను గదిలో దూరంగా ఉంచి, రొద పూర్తిగా మునిగిపోకుండా దానితో కలిసి వినిపించేంత మెల్లగా పెట్టుకోండి. మునిగిపోయేంత గట్టిగా పెడితే మెదడుకు దానితో సర్దుకుపోయే అవకాశం ఉండదు. మాటలున్న పాట ఈ పనికి తగదు. మీవంటి వాద్యకారుడికి మరీ తగదు, చరణం మారగానే మీ వేళ్లు దుప్పటిమీద మెట్లు వెతుకుతాయి, నిద్ర ఎక్కడిది?

ఘంటసాలను సాయంత్రం వినండి. అరుగుమీద స్పీకర్‌లో, పక్కమనిషితో గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగినంత శబ్దంతో, పని ఏదీ పెట్టుకోకుండా వినండి. ఆయన కూడా మీ గురువుగారు చదివిన కళాశాలలోనే నేర్చుకున్నవాడు. అటువంటి గాత్రాన్ని నిద్రమాత్రలా మింగడం నాకు వ్యక్తిగతంగా నచ్చదు, అయితే అది వైద్యసలహా కాదు.

మొదటి వారం పది రోజులు ఈ మార్పు కష్టంగానే ఉంటుంది. ఇయర్‌ఫోన్లు లేని రాత్రి రొద ముందుకన్నా పెద్దదిగా తోచవచ్చు, నిద్ర ఆలస్యం కావచ్చు. ఆ దశలోనే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. రొదను మాయం చేస్తుందని నిరూపణ అయిన మాత్ర లేదు కనుక, అలా చెప్పి అమ్మేవాటికి డబ్బు పోయకండి. రొద ఆగిపోకపోయినా దాని గొడవ పట్టనితనం అలవడుతుంది, ఎక్కువమందికి జరిగేది అదే. నిద్ర పూర్తిగా పాడై మనసు కుంగుతుంటే ఆ సంగతి డాక్టర్‌తో విడిగా చెప్పండి. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, అది పనిచేస్తుంది.

మిషన్ విషయంలో మీకు నిజంగానే ఎంచుకునే వీలుంది. పరీక్షలో లోపం స్వల్పమని తేలితే ఇప్పటికి మిషన్ లేకుండా, ఏటా పరీక్ష చేయించుకుంటూ, ఇంట్లో కొన్ని అలవాట్లు మార్చుకుని గడపవచ్చు. దానివల్ల ఖర్చు లేదు, అయితే సర్దుబాటు భారమంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది, అది ఎన్నాళ్లు సాగుతుందో మీరే అంచనా వేయాలి. లోపం మధ్యస్థంగా ఉంటే మిషన్ పెట్టుకోవడమే మేలు. దానివల్ల మాట తేటపడటమే కాక, బయటి శబ్దాలు మళ్లీ అందడంతో రొద కూడా చాలామందికి వెనక్కి తగ్గుతుంది. వాయిదా వేస్తే ఏమవుతుందంటే, ఏళ్ల తరబడి వినని శబ్దాలు తరువాత మిషన్‌తో ఒక్కసారి వినిపించినప్పుడు అలవాటు పడటం కష్టమై, పెట్టెలో పెట్టి అటకెక్కిస్తారు. పేపరు చప్పుడు, గిన్నెల చప్పుడు మొదటి వారాల్లో చికాకుపెడతాయని ముందే తెలిసి ఉంటే ఓర్చుకోవచ్చు. కొనేముందు కొన్నాళ్లు వాడి చూడనిమ్మని అడగండి.

మీరు హార్మోనియం వాయిస్తారని అక్కడ తప్పకుండా చెప్పాలి. మిషన్లు మాట కోసం తయారైనవి. గట్టి శబ్దం రాగానే అణచడం, ఒకే తీరుగా సాగే శబ్దాన్ని అనవసరమైన మోతగా భావించి తగ్గించడం వాటి స్వభావం. హార్మోనియం శ్రుతి నిలిపి పట్టినప్పుడు అది వణికినట్టో, తగ్గి పెరిగినట్టో వినిపించవచ్చు. సంగీతానికి విడిగా అమరిక ఉన్న పరికరాలు ఉన్నాయి, లేకపోతే భజన వేళ తీసి జేబులో వేసుకోవచ్చు. మీ లోపం హార్మోనియం మెట్ల ప్రాంతంలో లేదని పరీక్షలో తేలితే, మిషన్ లేకుండా వాయించడానికి అడ్డేమీ లేదు. కాబట్టి భజనలో మిషన్ కనిపిస్తుందన్న భయంతో ఇంట్లో కూడా దాన్ని వదులుకోవడంలో అర్థం లేదు.

ఖర్చు గురించి రెండు మాటలు. మిల్లులో ఉన్నంతకాలం మీ జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత పడి ఉంటే, కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి వయసు నిండి విరమించినవారికి, వారి జీవిత భాగస్వామికి ఏడాదికి 120 రూపాయలు కడితే వైద్యం అందించే ఏర్పాటు ఉంది. మోతవల్ల కలిగే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో కూడా ఉంది. నష్టపరిహారం కోరాలా వద్దా అన్నది మీ ఇష్టం. కోరితే కాగితాల కోసం తిరగడం, అది ఉద్యోగంవల్లనే వచ్చిందని వైద్యుల బోర్డు ముందు తేలడం, కొంత కాలహరణం తప్పవు. కోరకపోతే మనశ్శాంతి ఉంటుంది, హక్కు వదులుకున్నట్టవుతుంది. ఏది చేసినా పాత బీమా కార్డు, సర్వీసు కాగితాలు ముందు వెతికి పెట్టుకోండి, గడువు సంగతి ఈఎస్ఐ కార్యాలయంలో అడగండి.

ఇంట్లో టీవీకి శబ్దం పెంచడం కన్నా మీ కుర్చీని దగ్గరగా జరపడం మంచిది. చాలా టీవీల్లో మాటను ముందుకు తెచ్చి నేపథ్యాన్ని తగ్గించే శబ్ద అమరిక ఉంటుంది, మనవరాలిని వెతికి పెట్టమనండి, శబ్దం తగ్గించే పనికన్నా ఆ పనిని ఆమె ఇష్టంగా చేస్తుంది. కోడలిని మీరు కోరవలసింది ఒక్కటే, వంటింట్లోంచి కేకవేయకుండా ఎదురుగా వచ్చి, మొహం కనబడేలా, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పమని. అరిస్తే హల్లులు ఇంకా చెడతాయి. మీరు చేయవలసింది కూడా ఒకటుంది. వినిపించనప్పుడు ఊరికే తలూపకండి. మీరు తలూపిన పని తరువాత జరగకపోవడంవల్లే "పని చెబితే వినిపించదు" అన్న మాట పుట్టి ఉంటుంది. చుట్టాల ముందు అన్న మాటకు బాధ కలిగిందని కూడా ఆమెతో చెప్పవచ్చు, అయితే పరీక్ష కాగితం వచ్చాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. అంతకుముందు చెబితే వాదన అవుతుంది. మీ శ్రీమతిగారి సంగతి మాత్రం నేను చెప్పలేను, ముప్పై నలభై ఏళ్ల కాపురంలో ఆ మాటకు చెవితో సంబంధం లేని ఆధారాలు కూడా ఆవిడ దగ్గర ఉండవచ్చు.

చివరగా భజన. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు మందగించినా మీ గురువుగారు చదివిన ఆ సంగీత కళాశాలలోనే వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారని చెప్పి మిమ్మల్ని ఊరడించవచ్చు కానీ, ఊరడించను. వయొలిన్‌కు కన్ను వేరు, చెవి వేరు. మీకు కావలసింది మీ చెవి ఎంతవరకు పనికివస్తుందన్న నిజం. దాన్ని తెలుసుకునే దారి కూడా ఉంది. బృందంలో శ్రుతిజ్ఞానం ఉన్న ఒక్కరిని నమ్మి, మీ వాయింపులో తేడా ఏమైనా వస్తోందా అని అడగండి. రావడం లేదంటే నిశ్చింతగా సాగండి. పాటగాడు కొత్త చరణం ఎత్తుకున్నప్పుడు మీకు అందడం ఆలస్యమవుతోందంటే, అతని పెదవులు కనిపించేలా ఎదురుగా కూర్చోండి. ఎలాగూ మీ చోటు మారాలి. కంచుతాళాల శబ్దం సన్నగా, గట్టిగా, సరిగ్గా మీకు నష్టం జరిగిన ప్రాంతంలోనే మోగుతుంది, హార్మోనియం పక్కనే తాళాలవాళ్లు కూర్చునే మన అలవాటు మీకు పనికిరాదు. డోలక్కును మధ్యలో పెట్టుకుని వాళ్లను అవతలికి పంపండి.

దసరాల్లోనూ, ఆ వెంటనే వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలోనూ పెద్ద స్పీకర్ల ముందు కూర్చోవలసి వస్తే, మందుల షాపులో దొరికే మెత్తని ఫోమ్ బిరడాలు (ఇయర్‌ప్లగ్‌లు) చెవిలో పెట్టుకోండి. దూది చాలదు. ఆ రోజుల్లో తెల్లవార్లూ సాగే భజనకు సగం రాత్రి మీరు, సగం రాత్రి ఆ కుర్రాడు వాయిస్తే మీ చెవికి విశ్రాంతి దొరుకుతుంది. ఆ మాట అతడు అడగకముందే మీరే అనండి. బృందం పెట్టెను అతనికి అప్పగించే రోజు ఎప్పటికైనా వస్తుంది. మీ గురువుగారు నేర్పిన పట్టులు అప్పటికి అతని చేతికి వచ్చి ఉండాలంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంవత్సరమే మొదలుపెట్టడం మంచిది.